చీటీ మీద ‘సెనైల్’ అని ఉంటే

కంటి శిబిరం నుంచి ఇంటికొచ్చిన పెద్దావిడ చేతిలో ఒక చీటీ ఉంటుంది. పేరు, వయసు, చూపు కొలతలు, వాటి కింద రెండు ముక్కలు. కుడి కన్ను ‘ఎస్.ఐ.ఎం.సి.’, ఎడమ కన్ను ‘సూడోఫేకియా’. అమలాపురంలో రాసినా, పాలకొల్లులో రాసినా చీటీ వరస ఇదే. రెండో ముక్కతో పేచీ లేదు. ఆ కంటికి ఇదివరకే ఆపరేషన్ అయింది, లోపల పెట్టుడు లెన్సు ఉందని దాని అర్థం. చిక్కు మొదటిదాంతోనే వస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు వాట్సాప్‌లో ఫొటో చూసి ఆ నాలుగు అక్షరాల గుట్టు వెతుకుతాడు. ‘సెనైల్ ఇమ్మెచ్యూర్ కాటరాక్ట్’ అని తేలుతుంది. సెనైల్ అంటే ఏమిటా అని మళ్ళీ వెతికితే మతిమరుపు, మతి చెడటం, ముసలితనపు వెర్రి అని కనిపిస్తాయి. “కళ్ళు చూపించుకోమని పంపితే బుర్ర పాడైందని రాశారేంటండీ” అని ఇంట్లో కంగారు మొదలవుతుంది.

డాక్టరు రాసింది అది కాదు. వయసు వల్ల వచ్చిన, ఇంకా పూర్తిగా ముదరని శుక్లం అని రాశారు, అంతే. శుక్లం దెబ్బ తగిలినా వస్తుంది, స్టెరాయిడ్ మందులు ఏళ్ళ తరబడి వాడినా వస్తుంది, పుట్టుకతోనూ రావచ్చు. ఇది వాటిలో ఏదీ కాదని చెప్పడానికే ముందు ‘సెనైల్’ తగిలించారు. ‘ఇమ్మెచ్యూర్’ అంటే కంటి లెన్సులో కొంత భాగం ఇంకా తేటగానే ఉందని. పూర్తిగా తెల్లబడితే ‘ఎస్.ఎం.సి.’ అని రాస్తారు.

ఇక్కడే ఇంకో మాట చెప్పుకోవాలి. “పొర ఇంకా ముదరలేదుగా, ముదిరాక చేయించుకుందాం” అనే అలవాటు గోదావరి డెల్టా పల్లెల్లో ఇప్పటికీ ఉంది. లెన్సును మొత్తంగా పెకలించి తీసే రోజుల్లో ఆ మాటకి అర్థం ఉండేది. ఇప్పుడు చిన్న కోత పెట్టి, లెన్సును అల్ట్రాసౌండ్‌తో పొడి చేసి పీల్చేస్తున్నారు. ముదిరేకొద్దీ లెన్సు గట్టిపడి డాక్టరుకి పని కష్టమవుతుంది. మరీ ముదిరిపోతే లోపలి పదార్థం బయటికి ఊరి, కంటిలో ఒత్తిడి పెరిగి, నొప్పితో చూపే పోవచ్చు. రోజువారీ పనికి చూపు అడ్డొస్తోందంటే ఆపరేషన్‌కి వేళయినట్టే.

మళ్ళీ మాట దగ్గరికి వద్దాం. లాటిన్‌లో ‘సెనెక్స్’ అంటే ముసలివాడు. దానినుంచి ‘సెనీలిస్’, అంటే ముసలితనానికి చెందినది. అందులో నింద లేదు, జబ్బు లేదు. ఆ వేరునుంచి మొలిచిన మాటలు చూస్తే నింద మాట అటుంచి గౌరవమే కనిపిస్తుంది. రోములో పెద్దల సభ పేరు ‘సెనేట్’. ఆ ‘సెనెక్స్’ నుంచే, ఇంకొకరి కంటే పెద్ద అని చెప్పడానికి ‘సీనియర్’. ఆ సీనియరే ఫ్రెంచి వాళ్ళ నోట నలిగి ‘సైర్’ అయి, ఇంగ్లిషులో ‘సర్’ అయింది. మండల ఆఫీసులో, బడిలో, బ్యాంకులో మనం రోజుకి పాతికసార్లు అనే ‘సార్’ అదే. ఎదుటివాడు మన కొడుకు వయసువాడైనా ‘పెద్దాయనా’ అని పిలుస్తున్నట్టే లెక్క.

ఈ వేరు సంస్కృతంలోనూ ఉంది. ‘సన’ అంటే పాతది, ‘సనా’ అంటే ఎప్పటినుంచో. ‘సనాతన’ అక్కడినుంచే వచ్చింది. సెనైల్, సనాతన అనేవి దూరపు చుట్టాలని భాషాశాస్త్రం చెబుతుంది. ముసలివాళ్ళ వైద్యానికి వాడే ‘జెరియాట్రిక్స్’ అనే మాట కథా ఇలాంటిదే. దాన్ని 1909లో ఇగ్నట్జ్ నాషర్ అనే అమెరికా వైద్యుడు పుట్టించాడు. పిల్లల వైద్యానికి పీడియాట్రిక్స్ ఉంది కదా, వృద్ధులకీ అలాంటి శాఖ ఒకటి ఉండాలన్నది ఆయన వాదం. గ్రీకులో ‘గెరోన్’ అంటే ముసలివాడు. దానికి సంస్కృతంలో తోబుట్టువు ‘జర’. అజరామరం అన్నప్పుడు మన నోట పలికేది ఆ జరే. ఆయుర్వేదం చెప్పే ఎనిమిది అంగాల్లో జర ఒకటి, అంటే ముసలితనపు వైద్యానికి ప్రత్యేక శాఖ మన దగ్గర ఎప్పుడో ఉంది.

రోమన్లు మనిషి బతుకుని భాగాలు చేసినప్పుడు, వర్రో అనే పండితుడి లెక్కలో 45 దాటితే సీనియర్లు, 60 దాటితే సెనెక్స్. మనకి షష్టిపూర్తి 60కే. ప్రభవ నుంచి అక్షయ వరకూ 60 సంవత్సరాల చుట్టు పూర్తయి, పుట్టిన సంవత్సరం మళ్ళీ వచ్చిందని పండగ చేసుకుంటాం. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కూడా సీనియర్ సిటిజన్ అంటే 60 నిండినవాళ్ళే అంది.

ఇంత మర్యాదైన మాట ఎక్కడ చెడింది? 17వ శతాబ్దంలో ఇంగ్లిషులోకి వచ్చినప్పుడు సెనైల్ అంటే ‘ముసలితనానికి తగినది’ అనే. 19వ శతాబ్దంలో ‘వయసుతో కుంగిపోయిన’ అనే అర్థం గట్టిపడింది. అందులో వైద్యుల చేయి చాలా ఉంది. పెద్ద వయసులో కనిపించే ప్రతి మార్పుకీ లాటిన్ పేరు పెట్టి, చివర ఈ మాట కలిపారు. నల్లగుడ్డు చుట్టూ కనిపించే తెల్లటి వలయం ‘ఆర్కస్ సెనైలిస్’. పెద్దవాళ్ళలో దానివల్ల చూపుకి ఏ నష్టమూ లేదు. నలభై దాటనివాళ్ళలో కనిపిస్తే మాత్రం కొలెస్టరాల్ చూపించుకోవాలి. ముంజేతుల మీద చిన్న తాకిడికే ఊదారంగు మచ్చలు లేచి రెండు మూడు వారాల్లో పోయేవి ‘సెనైల్ పర్‌ప్యురా’. చర్మం పల్చబడి, కింద ఉన్న సన్నటి రక్తనాళాలకి ఆసరా తగ్గడం వల్ల వస్తాయి. “కోడలు కొట్టిందేమో” అని వీధిలో అనుకునే మచ్చల్లో కొన్ని నిజంగా ఇవే. అలాగని ప్రతి మచ్చనీ వయసు ఖాతాలో వేయకూడదు. వీపు మీద, పొట్ట మీద, తొడల మీద కనిపించేవి వేరు, వాటి సంగతి అడగాలి.

ఇలా కంటికి, చర్మానికి, ఎముకకి తగిలించినంతసేపూ పెద్ద ప్రమాదం లేదు. మెదడుకి తగిలించినప్పుడు మాత్రం మాట మనిషినే మింగింది. ‘సెనైల్ డిమెన్షియా’లో డిమెన్షియా కూడా లాటినే: ‘మెన్స్’ అంటే మనస్సు, ‘డి’ అంటే అది దిగజారడం. మన ‘మనస్సు’కి ఆ ‘మెన్స్’ కూడా చుట్టమే. రెండు మాటలూ పక్కపక్కన అరిగి అరిగి, చివరికి రెండోదాని అర్థమంతా మొదటిదాని మీదకి ఒరిగిపోయింది. సెనైల్ అంటే చాలు, మతి పోయిన అని అర్థమైపోయింది.

దీనివల్ల జరిగిన నష్టం మాటల నష్టం కాదు. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో 51 ఏళ్ళ ఒక మహిళని మతిమరుపు, అనుమానాలు, తికమక అని ఆసుపత్రిలో చేర్చారు. అలోయిస్ ఆల్జీమర్ అనే వైద్యుడు ఆమెని పరీక్షించాడు. 1906లో ఆమె చనిపోయాక మెదడుని మైక్రోస్కోపు కింద చూసి, అందులో పేరుకున్న మచ్చల్ని, చిక్కుపడ్డ పోగుల్ని వివరించాడు. 1910లో ఎమిల్ క్రేపెలిన్ అనే మానసిక వైద్యుడు తన పాఠ్యగ్రంథంలో ఆ జబ్బుకి ఆల్జీమర్ పేరు పెట్టాడు. అయితే రోగి వయసు 51 కాబట్టి దాన్ని ‘ప్రీసెనైల్’ అన్నారు, అంటే ముసలితనానికి ముందే వచ్చినది. అరవై ఐదు దాటినవాళ్ళకి అవే లక్షణాలుంటే ‘సెనైల్’ అన్నారు. అది జబ్బు కాదు, వయసు, రక్తనాళాలు గట్టిపడటం అని వదిలేశారు. 1960ల్లో ఇంగ్లండులోని న్యూకాజిల్ పరిశోధకులు వృద్ధుల మెదళ్ళు చూస్తే అక్కడా అవే మచ్చలు. 1976లో రాబర్ట్ కాట్జ్‌మన్ అనే నరాల వైద్యుడు రెండూ ఒకటే జబ్బు అని గట్టిగా రాశాకే వైద్యలోకం కదిలింది. ఒక్క విశేషణం అడ్డుపడి, అరవై ఏళ్ళకి పైగా ఎక్కువమంది రోగులు రోగుల లెక్కలోకే రాలేదు. ఒక మాట ఇంత పని చేయగలదా అనుకునేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా పదో కూర్పులో ‘సెనిలిటీ’ అని విడిగా ఒక సంకేతమే ఉండేది, ఆర్ 54. పదకొండో కూర్పులో దాన్ని ‘ఓల్డ్ ఏజ్’గా మార్చబోతే, వయసునే జబ్బు చేస్తారా అని అభ్యంతరాలు వచ్చాయి. చివరికి ‘వయసుతో వచ్చే అంతర్గత సామర్థ్యపు తగ్గుదల’ అనే అర్థం వచ్చేలా మార్చారు. పేరు పొడుగే, అయినా అది మెరుగు. ఏం తగ్గిందో, ఎంత తగ్గిందో కొలవమని అడుగుతుంది.

మాట దిగజారడం ఇంగ్లిషువాళ్ళ ఒక్కళ్ళ కథేం కాదు. ఛందస్సు అంటే వేదం. వేదం చదివినవాడు ఛాందసుడు. కోనసీమ అగ్రహారాల్లో ఒకప్పుడు ఆ మాటకి చేతులు జోడించేవారు. అదే నలిగి ‘చాదస్తం’ అయింది. ఇప్పుడు “మా మామ్మగారికి చాదస్తం ఎక్కువైపోయిందండి” అంటే, చెప్పిందే చెబుతోందని, మాట వినదని అర్థం. పండితుడి పట్టుదల ముసలావిడ మొండితనం కింద మారిపోయింది. ఇంకోపక్క ‘వృద్ధుడు’ అనే మాట చూడండి. అది ‘వృద్ధి’కి తోబుట్టువు, అసలు అర్థం పెరిగినవాడు. ‘ముదుసలి’లో ఉన్నది ముదరడం. పండు ముసలి అంటే పండినవాడు.

ఈ పండటం సంగతి డెల్టా రైతుకి చెప్పక్కర్లేదు. మారుటేరు వరి పరిశోధన స్థానం 1925 నుంచి ఉంది. 1982లో అక్కడినుంచి వచ్చిన స్వర్ణ అనే వరి రకం, అంటే ఎంటీయూ 7029, సార్వా పొలాల్ని ఏళ్ళ తరబడి ఏలింది. ఆకు ముదిరి పండటానికి వరి శాస్త్రవేత్తలు వాడే ‘సెనిసెన్స్’ అనే మాట కూడా సెనెక్స్ సంతానమే. ఈనిన తర్వాత గింజ పాలుపోసుకుని గట్టిపడుతుంటే, కింది ఆకుల నుంచి మొదలై ఆకు పసుపు తిరుగుతుంది. ఆకులోని నత్రజని గింజలోకి తరలిపోతుంది. పోటాకు, అంటే వెన్ను కిందుండే పై ఆకు, చివరిదాకా పచ్చగా ఉండి గింజకి పిండి అందిస్తుంది. దీన్ని చూసి ఏ రైతూ చేను చెడిందనడు, పండుతోందంటాడు. అదే పసుపు రంగు పిలకల దశలోనే కనిపిస్తే ఊరుకోడు. జింకు లోపమా, టుంగ్రో వైరస్ తెగులా, ఆకు అంచుల నుంచి ఎండుకొచ్చే బాక్టీరియా ఎండాకు తెగులా అని గట్టు దిగి ఆకు తిప్పి చూస్తాడు. “చేనుకి వయసొచ్చిందిలే” అని ఎరువుల కొట్టులో ఎవరైనా అంటే నమ్మడు.

ఇంట్లో పెద్దవాళ్ళకి తేడా చేసినప్పుడు అదే కన్ను కావాలి. మొదట చూడాల్సింది వేగం. నిన్న మొన్నటి దాకా బాగున్న పెద్దాయన రెండు రోజుల్లో తికమక పడుతూ, పగలు మగతగా, రాత్రి కేకలుగా మారితే అది ముసలితనం కాదు, డిమెన్షియా కూడా కాదు. దాన్ని డెలీరియం అంటారు. వెనక ఏదో ఒక కారణం ఉంటుంది, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, షుగర్ పడిపోవడం, సోడియం తగ్గడం ఎక్కువగా చూసేవి. రక్తంలో సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. ఎండాకాలంలో ఒకపక్క చెమట, ఇంకోపక్క బీపీకి ఇచ్చిన నీరు తీసే బిళ్ళ, దానికి తోడు ఉప్పు పూర్తిగా మానేసిన గంజి. మూడూ కలిసినప్పుడు సోడియం జారి, మనిషి మాట తడబడి, కొడుకుని తమ్ముడి పేరుతో పిలుస్తాడు. సోడియం జాగ్రత్తగా పెంచితే చాలామంది మళ్ళీ మామూలు మనిషి అవుతారు. ఆ బిళ్ళని ఇంట్లోవాళ్ళు సొంతంగా ఆపకూడదు, పట్టుకెళ్ళి డాక్టరుకి చూపించాలి.

నెలల మీద నెమ్మదిగా వచ్చిన మార్పు వేరు. అక్కడా సరిదిద్దగల కారణాలు ముందు వెతకాలి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళలో, పూర్తి శాకాహారుల్లో బి12 తగ్గే అవకాశం ఎక్కువ. థైరాయిడ్ మందగిస్తే ఆలోచనా మందగిస్తుంది. జలుబు బిళ్ళల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకి వేసుకునే ఆల్‌ప్రాజొలామ్, నరాల మంటకి ఇచ్చే అమిట్రిప్టిలిన్ పెద్ద వయసులో బుర్రని మసకబారుస్తాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా ఒక సంచిలో వేసి తీసుకెళ్ళండి. నూతి గట్టు దగ్గర జారిపడి తలకి చిన్న దెబ్బ తగిలితే, మూడు నాలుగు వారాల తర్వాత మగత, నడక తూలడం మొదలవ్వచ్చు. పుర్రె లోపల రక్తం నెమ్మదిగా పేరుకుంటోందేమో సీటీ స్కాన్ చెబుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నవాళ్ళ విషయంలో ఈ అనుమానం ఇంకా ఎక్కువ ఉండాలి. చెవుడు ఉన్న మనిషి ప్రశ్న వినపడక పొంతన లేని జవాబు చెబితే దాన్నీ మతిమరుపు కింద జమకట్టేస్తుంటారు. భార్యో భర్తో పోయిన తర్వాత వచ్చిన దిగులూ అలాగే పొరబడేదే.

కాబట్టి మొదటి విడత పరీక్షలు ఇవి: రక్తకణాల లెక్క, షుగర్, సోడియం, పొటాషియం, కిడ్నీలకి క్రియాటినిన్, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, బి12, మూత్ర పరీక్ష. మండల కేంద్రంలోని ఒక మాదిరి ల్యాబుల్లో ఇవి దొరుకుతాయి. స్కాన్ రిపోర్టులో ‘ఏజ్ రిలేటెడ్ సెరెబ్రల్ అట్రఫీ’ అనో ‘సెనైల్ చేంజెస్’ అనో ఉంటే, మెదడు వయసుకి తగ్గట్టు కొంచెం కుంచించుకుందని మాత్రమే. చక్కగా లెక్కలు చూసుకునే ఎనభై ఏళ్ళాయన స్కాన్‌లోనూ ఆ ముక్క ఉంటుంది. బొమ్మ చూసి డిమెన్షియా అని తేల్చరు, మనిషిని చూసి తేలుస్తారు.

మనిషిని చూడటం ఎలాగంటే, ఎప్పటినుంచో చేస్తున్న పనిలో చూడాలి. కొబ్బరి తోట ఉన్న పెద్దాయన్ని తీసుకోండి. నెలన్నరకోసారి కాయ దింపు. కాయ కొనే షావుకారు పేరు ఠక్కున నోటికి రాక, అన్నం తింటుండగా గుర్తొచ్చిందా? అది వయసు. దింపు వాళ్ళకి, వలుపు వాళ్ళకి కూలి ఇచ్చేసి సాయంత్రం మళ్ళీ ఇవ్వబోయాడా, నలభై ఏళ్ళుగా నోటిమీద వేసిన వందల లెక్క ఇప్పుడు కాగితం మీద కూడా తెగడం లేదా, సొంత తోట నుంచి ఇంటికి దారి తప్పాడా? అది చూపించాల్సిన సంగతి. మామ్మగారి విషయంలో పొయ్యి దగ్గర తెలుస్తుంది. పనసపొట్టు కూరలో ఉప్పు ఒకసారి ఎక్కువైతే ఏమీ కాదు. ఆవ ఎప్పుడు కలపాలో, ముందు పొట్టు ఉడకాలా పోపు వేయాలా అనే వరసే పోయి గిన్నె ముందు నిలబడిపోతే పట్టించుకోవాలి. డాక్టరు దగ్గర “మతిమరుపండీ” అని ఒక్క ముక్క చెప్పేకంటే ఇలాంటివి తేదీలతో నాలుగు రాసి తీసుకెళ్తే సగం పని అయినట్టే.

ఈ మాట పొలాల దాకా కూడా వస్తుంది. తండ్రి వీలునామా రాస్తే, వాటా తగ్గిన కొడుకు పాత ఆసుపత్రి కాగితం ఒకటి పట్టుకొచ్చి “అప్పటికే సెనైల్ అని రాశారు చూడండి” అంటాడు. ఆ కాగితం శుక్లానిదై ఉండొచ్చు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 59వ సెక్షన్ వయసు గురించి మాట్లాడదు, మైనరు కాని, స్వస్థచిత్తం ఉన్న ఎవరైనా వీలునామా రాయవచ్చంటుంది. బాగా నీరసించి, చిక్కిపోయి ఉన్నా, ఆస్తిని ఎలా పంచాలో ఆలోచించగలిగిన మనిషి రాసినది చెల్లుతుందని ఆ సెక్షన్ కిందే ఒక ఉదాహరణ ఇచ్చారు. తాను చేస్తున్నది ఏమిటో తెలియని స్థితిలో రాస్తేనే చెల్లదు.

వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించడం మంచిది. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండి తీరాలి. డాక్టరుతో సర్టిఫికెట్ రాయిస్తే అందులో ‘సెనైల్’ అనీ ‘నార్మల్ ఫర్ ఏజ్’ అనీ ఊరికే వదిలేయవద్దని అడగండి. ఏ తేదీన, ఏ వేళకి పరీక్షించారు, ఆ రోజు ఏ వారమో చెప్పారా, పిల్లల పేర్లు వరసగా చెప్పారా, ఎకరాలెన్నో, ఏ కాలవ కింద ఉన్నాయో, ఎవరికి ఏది ఎందుకు ఇస్తున్నారో తన నోటితో చెప్పారా అనేది రాయమనండి. వినికిడి యంత్రం ఉంటే పెట్టించి, కళ్ళద్దాలు ఇచ్చి, పొద్దున పూట, నిద్ర బిళ్ళ వేసుకోని రోజున ఆ పరీక్ష జరిపించండి.